బుద్ధి నెరుపు

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి, మా అత్తవారింటి గొప్ప చెబుతాను.

మండవల్లి దగ్గర చేపల చెరువుల మీద బతికే ఇల్లు మాది. ఆ ఇంట్లో పుట్టినవాళ్లకు పాతికేళ్లకే తల నెరిసేది. మావారి అన్నగారు, అంటే మా బావగారు, దాన్ని బుద్ధి నెరుపు అనేవారు. బుద్ధి తలలో పట్టక పైకి కనిపిస్తుందట. ఆ బుద్ధి ఆయన నోట్లోంచి ఒక్కసారైనా బయటపడగా నేను చూడలేదు.

మా మామగారు పొడిదగ్గుతో, ఆయాసంతో పోయారు. చుట్ట వల్ల అన్నారు. చుట్ట ముట్టని ఆయన చెల్లెలూ అలాగే పోయింది. పొయ్యి పొగ అన్నారు. తర్వాత మా మరిదికి అదే దగ్గు పట్టుకుంది. చేపల మేతకు తవుడు మోసిన దుమ్మేమో అని ఊరంతా అంటుంటే, బావగారు నేరం తీసుకెళ్లి మరిది భార్య మీద పెట్టారు. చింతలపూడి నుంచి వచ్చి ఆ పిల్ల కాలు పెట్టిన వేళ మంచిది కాదట. పుట్టింటికి పంపేస్తే తమ్ముడు తేరుకుంటాడట. పంపడానికి మంచిరోజు కూడా చూసి ఉంచారు. ఇలాంటి పనులకు ఆయనకు ఎప్పుడూ తీరికే.

ఈలోగా మరిదికి ఆయాసం ఎక్కువై ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ ముందు అతని తల వంక చూసింది. ఇంట్లో ఇంకెవరికి ఇలా నెరిసిందని అడిగింది. బావగారు పొంగిపోయి వంశమంతా అప్పజెప్పారు.

స్కానింగూ, నెత్తురు పరీక్షా అయ్యాక ఆవిడ చెప్పినది నాకు అర్థమైనంత వరకు ఇది. మన ఒంట్లో కణాలు ఎప్పటికప్పుడు కొత్తవి పుడుతుంటాయి. వాటిలో జన్యువుల దారాలుంటాయి. కొత్త కణం పుట్టినప్పుడల్లా ఆ దారాల కొసలు కాస్త అరుగుతాయి. కొన్ని వంశాల్లో జన్యువులో తేడా వల్ల పుట్టుకతోనే కొసలు పొట్టిగా ఉంటాయి. అవి అరిగిపోతే జుట్టు ముందే నెరుస్తుంది. ఊపిరితిత్తికి తగిలిన చిన్న గాయం సరిగ్గా మానక మచ్చ కడుతుంది. మచ్చ మీద మచ్చ పడి, మెత్తగా ఉండాల్సినది బిరుసెక్కిపోతుంది. చుట్టా దుమ్మూ దాన్ని తొందరపెడతాయి.

"అయితే ఈ పిల్ల కాలు పెట్టిన వేళ వల్ల కాదంటారా అండీ?" అన్నారు బావగారు.

"ఈ జబ్బు ఆ అమ్మాయి నెత్తుటిది కాదండీ, మీ నెత్తుటిది. మీరూ పరీక్ష చేయించుకోవాలి."

పరీక్ష మాట వదిలేసి, ఊళ్లో ఎవరైనా చూస్తారని తాడేపల్లిగూడెం దాకా వెళ్లి తలకు నల్లరంగు వేయించుకొచ్చారు మహానుభావుడు. జన్యువు ఆ రంగులో కరిగిపోతుందనుకున్నారు కాబోలు. వచ్చి మళ్లీ ఆ పిల్లను పంపే మాటే ఎత్తారు.

మా మరిది మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ, మెల్లగానే అన్నాడు.

"ఈవిడ వెళ్తే నేనూ వెళ్తానన్నయ్యా. మీ వంశం మీరే ఏలుకోండి."

ఆ పిల్ల ఇంట్లోనే ఉంది. జబ్బూ ఉంది. మందులు వేస్తూ, ఆక్సిజన్ గొట్టం సర్దుతూ ఉన్నది ఆ పిల్లే. బావగారు అరుగు మీద కూర్చుని పొడిదగ్గు దగ్గుతూ, వచ్చినవాళ్లకు పడిశం అని చెబుతుంటారు.

మీ ఇంటి కోడళ్ల మీద పరాయి నేరం పడకూడదు. మీ ఇంటిల్లిపాదికీ ఊపిరి చల్లగా ఆడాలి.