అవ్వ వేసిన అతుకు

తెలంగాణ వచ్చిన రెండో ఏడు, వానాకాలంలో నన్ను జూనియర్ టెలికాం ఆఫీసర్‌గా నారాయణపేటకు వేశారు. ఎక్స్ఛేంజీలో కూర్చుని లైన్‌మన్లను ఇళ్లకు పంపడం, వాళ్లు చెప్పే సాకులు నమ్మినట్టు నటించడం ఆ హోదాకు తగిన పని. రెండోది నాకు ఎన్నడూ చేతకాలేదు. లైన్‌మన్ బండి మీద నుంచి పడి సెలవు పెట్టడంతో, ఒకనాడు పనిముట్ల సంచీ భుజాన వేసుకుని నేనే ఫిర్యాదు మీద పోవలసి వచ్చింది.

ఇల్లు మగ్గం నేసే నర్సింలుది. ఫిర్యాదు చేసింది ఆయన భార్య అనసూయ. మగ్గం ఆగితే ఇంటర్నెట్ వస్తుందని, మగ్గం ఆడితే పోతుందని చెప్పింది. నేను లోలోపల నవ్వుకున్నాను. కాళ్లతో తొక్కి చేత్తో ఆడించే మగ్గానికీ ఇంటర్నెట్‌కూ ఏం సంబంధం?

ఆమె మాత్రం నవ్వే స్థితిలో లేదు. జడ్చర్లలో చీరల దుకాణం నడిపే ఒకావిడ పెళ్లిళ్ల చీరలన్నీ వీళ్ల దగ్గరే నేయిస్తానందట. అయితే అంతకుముందు ఎవరో మరమగ్గం చీరలను చేనేత అని ఆమెకు అంటగట్టారు. అందుకని మగ్గం ఆడుతుండగా వీడియోలో కళ్లారా చూడాలని పట్టుబట్టింది. పొద్దున ప్రయత్నించారు. మగ్గం ఆగి ఉన్నంతసేపు బొమ్మ చక్కగా కనిపించింది. నర్సింలు నేయడం మొదలుపెట్టగానే మాయమైంది. మధ్యాహ్నం ఆఖరుసారి చూస్తానని, కనబడకపోతే ఆ పని వేరేవాళ్లకు ఇస్తానని ఆవిడ తేల్చేసింది. మొబైల్ సిగ్నల్ ఆ రాతిగోడల ఇంట్లోకి రాదు. మగ్గాన్ని వాకిట్లోకి మోసుకుపోలేరు.

"గీ ఆర్డర్ పోతే దసరా దాంక చేతిల పని ఉండది సారూ" అంది అనసూయ. నా నవ్వు అక్కడితో ఆగింది.

లైనును సగం సగం చేసి లోపం వెతకడం మా పద్ధతి. బయటి గోడ మీది పెట్టె దగ్గర ఇంటి వైరును విడదీసి, అక్కడ టెస్ట్ ఫోన్ తగిలించాను. గరగర లేదు. అంటే స్తంభం నుంచి ఇంటిదాకా లైను మంచిదే, తప్పు లోపల ఉంది. లోపలి వైరును కూడా అట్లాగే భాగాలుగా చూసుకుంటూ పోతే, చివరికి మగ్గం వెనక గుంజకు కట్టిన కొద్దిపాటి ముక్క మిగిలింది.

ఇలాంటి చోట సాధారణంగా దొరికేది అతుకు. తెగిన వైరును ఇంటివాళ్లే మెలిపెట్టి, టేపు చుట్టి ఊరుకుంటారు. అందుకే మీరేమైనా అతికారా అని అడగడం మా నిబంధన. లేదనడం జనం నిబంధన. నర్సింలు తల అడ్డంగా ఊపాడు. అనసూయ ఒట్టేసింది. మూలన దారపు కండెలు చుడుతున్న నర్సింలు తల్లి, ఇంటిల్లిపాదికీ అవ్వ, తలే ఎత్తలేదు.

వైరును వేళ్లతో తడిమాను. ఉబ్బు లేదు, టేపు లేదు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టే నున్నగా ఉంది. ఒళ్లు మండి, ముక్క మొత్తం తీసేద్దామని ప్లయరు వైరు మీద పెట్టాను.

"ఆగు బిడ్డా! గా అతుకు నేనేసిన. కోసినవంటే చెయ్యి ఇరగ్గొడ్త!" అని అవ్వ లేచింది.

సంగతి అప్పుడు బయటపడింది. ఎలుక కొరికిన వైరును అవ్వ, మగ్గం మీద తెగిన పోగును అతికినట్టే అతికింది. తొడుగు గీకి, రాగి తీగలను వేళ్ల మధ్య సుతారంగా మెలిపెట్టి, గంజి పట్టించి, పైన అదే రంగు పట్టుపోగు చుట్టింది. ఆ మెలి పట్టుకు సరిపోతుంది, రాగికి చాలదు. నేసే దెబ్బ పడ్డప్పుడల్లా గుంజ అదిరి లోపలి తీగలు విడిపోయేవి. కొడుకూ కోడలూ అబద్ధమాడలేదు, ఆ అతుకు వాళ్ల కంటికీ ఆనలేదు.

నేనడిగినప్పుడు ఎందుకు చెప్పలేదని అవ్వను అంటే, "నేసెటోళ్లు అతుకు చూపెట్టుకుంటరా? నీకు కానరాలేదంటే నా పని మంచిగున్నట్టే గద" అంది. ఆ ముక్కను పారేయకుండా తన చేతికే ఇవ్వాలన్న షరతు మీద కోయనిచ్చింది.

కొత్త వైరు కలిపేసరికి జడ్చర్ల నుంచి వీడియో కాల్ రానే వచ్చింది. మేకులు కొట్టే వ్యవధి లేదు. వైరు మగ్గానికి తగలకుండా రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని, గోడకు అతుక్కుని నిలబడ్డాను. "బిర్రుగ వట్టు, సడలనియ్యకు" అని అవ్వ పక్కనుంచి ఆజ్ఞలు. మగ్గం ఆడింది, బొమ్మ కదలకుండా నిలిచింది. జడ్చర్ల ఆవిడ తృప్తిగా చూసి, వెనక చేతులెత్తి నిలబడ్డ ఆయన ఎవరని అడిగింది.

"మా నెట్టు సారు" అంది అనసూయ.

"జర పక్కకు జరగమనుండ్రి, అంచు కనవడ్తలేదు" అంది ఆవిడ. నేను జరగలేదు. గెజిటెడ్ హోదా కోసం దరఖాస్తు పెట్టుకున్న మనిషిని, అరచేతులు తిమ్మిరెక్కేదాకా అట్లాగే నిలబడ్డాను. చీరల పని వాళ్లకే ఖాయమైంది.

ఈ ఉదంతం నా పని తీరులో ఒక్క మార్పు తెచ్చింది. ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఏ ఇంట్లోనూ వైరు అతికారా అని అడగలేదు. ఈ ఇంట్లో అందరికన్నా బాగా అతికేది ఎవరని అడిగేవాణ్ని. ఎవరో ఒకరు వెంటనే ముందుకొచ్చి, అతికిన చోటు వేలుపెట్టి చూపించేవారు.