ఏనుగు వెనక కాళ్లు

మా నాటక సమాజంలో నా హోదా ఏనుగు వెనక కాళ్లు. పద్యం పాడమంటే శ్రుతి నా దరిదాపులకు రాదు, మాటలు చెప్పమంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అయినా బందరులో ఆఫీసు వదలగానే నేరుగా రిహార్సల్‌కే వెళ్తాను. నటన రాకపోయినా నాటకాల పిచ్చి వదలదు కదా.

ముందు కాళ్లు మాస్టారివి. రిటైరైన తెలుగు మాస్టారు, ఏళ్ల తరబడి మా నాటకంలో రాజు. గుడివాడలో ఆయన రాగం ఎత్తుకుంటే జనం 'వన్స్ మోర్' అని అరిచేవారు. అలా అరిస్తే పద్యం మళ్లీ పాడాల్సిందే, అది మా ఆనవాయితీ. పోయినేడాది గొంతు ఆపరేషన్ జరిగి ఆయన మాట పూర్తిగా పోయింది. రాజు వేషం పెడన నుంచి వచ్చే ఒక బ్యాంకు ఉద్యోగికి వెళ్లింది.

ఒకరోజు మాస్టారి భార్య రిహార్సల్‌కు వచ్చారు.

"ఆయన ఇంట్లో అద్దం ముందు కూడా నిలబడ్డం లేదండీ. ఏదో ఒక వేషం ఇవ్వండి. మాటల్లేనిదైనా పర్లేదు," అన్నారు.

మాటల్లేని వేషం మా నాటకంలో ఒక్కటే. రాజు చనిపోయిన రాజ్యంలో పట్టపుటేనుగు తొండంతో దండ పట్టుకుని తిరుగుతుంది. ఎవరి మెళ్లో వేస్తే వాడే కొత్త రాజు. అంటే మాస్టారు తన పాత వేషానికి తానే దండ వేయాలి. ఈ సంగతి అందరికీ తట్టింది. నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో చెప్పలేను. మాస్టారు మాత్రం తలూపి పాంటు చీలమండలపైకి మడుచుకున్నారు.

ఏనుగు ఒంటిని పెడనలో అచ్చు చెదిరి పక్కన పడేసిన కలంకారీ గుడ్డలతో కుట్టించాం. లోపల దూరితే రంగు వాసన. బయటి దీపాల వెలుగుకు ఆ పూలూ తీగలూ నా చేతుల మీద పాకుతాయి. తొండంలో మాస్టారి చెయ్యి ఉంటుంది, నేను వంగి ఆయన నడుం పట్టుకుంటాను. కాసేపటికి ఏ కాలు ఎవరిదో తెలియదు. బయట రాజ్యాలు మారుతుంటాయి, లోపల మేమిద్దరం ఎర్రటి తోటలో నడుస్తుంటాం. ఆఫీసులో కునుకు పట్టినా నేను ఆ తోటలోకే వెళ్తాను.

దివిసీమలో ఒక ఊళ్లో, పొద్దుగూకే వేళ నాటకం మొదలైంది. పొలాల మీది గాలికి మా గుడ్డ గోడలు ఉబ్బి తగ్గుతున్నాయి. హార్మోనియం వాయించే మావయ్య, వరసకేమీ కాడు గానీ అందరం అలాగే పిలుస్తాం, ఏనుగు నడకకు తగ్గ దరువు అందుకోవాలి. కానీ తెర పక్క నుంచి వస్తున్నది మాస్టారని తెలిసిన వేళ్లు కదా, ఎన్నో ఏళ్ల అలవాటు కొద్దీ రాజు ప్రవేశానికి వాయించే మోహన రాగం వాయించేశాయి.

ఏనుగు ఆగిపోయింది.

"నడవండి మాస్టారూ," అని గొణిగాను.

కదల్లేదు. నా చేతుల కింద ఆయన పక్కటెముకలు మెల్లగా విచ్చుకున్నాయి. అప్పుడు అర్థమైంది, ఆయన పద్యం పాడుతున్నారు. చిన్న చప్పుడు కూడా లేదు. ఎక్కడ ఊపిరి నిలిపారో, ఎక్కడ విరిచారో, చివర రాగం ఎంత దూరం లాగారో అన్నీ నా అరచేతులకు అందాయి. శ్రుతి తెలియని నాకు మొదటిసారి ఒక పద్యం పూర్తిగా వినిపించింది. తొండం లేచే తీరు చూసి మావయ్య కూడా తప్పు దిద్దుకోలేదట, రాగాన్ని దాని వెంటే నడిపించాడు.

పద్యం అయ్యాక ఏనుగు కదిలింది. వెళ్లి దండ వేసింది.

జనంలోంచి ఒక గొంతు లేచింది. "వన్స్ మోర్."

తరవాత చాలా గొంతులు కలిశాయి. కొత్త రాజు తననే అనుకుని నోరు తెరిచాడు.

"మీరు కాదండీ, ఏనుగు," అన్నారెవరో ముందు వరసలోంచి.

అతను మంచివాడు. మెళ్లో దండ తీసి మళ్లీ తొండానికి తగిలించాడు. మేం తెర పక్కకు వెళ్లి మళ్లీ రావాలి. ఏనుగు వెనక్కి నడవాలంటే ముందు నేనే అడుగు వేయాలి, వేశాను. ఆ పూలన్నీ నా కళ్లలో అలుక్కుపోయాయి. ముక్కు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

మాస్టారు అప్పటికే ఊపిరి నింపుకుంటున్నారు.