పులి తోక యాడ పెట్టుకుంటాది?

నా చిన్నప్పుడు మా నాయన నవ్వగా చూసినోళ్ళు మా పల్లెలో ఎవరూ లేరు. కౌతాళం దగ్గర మాది నల్లరేగడి పల్లె. ఆయనకు పత్తి చేను, రెండెద్దులే లోకం. ఆ ఎద్దులతో మాట్లాడినంత కూడా మాతో మాట్లాడేవాడు కాదు. ఆయన చెప్పుల చప్పుడు వినబడితే చాలు, అచ్చనగాయలు ఆడుతున్న నేను రాళ్ళన్నీ లంగాలో దాచుకొని చీపురు పట్టుకునేదాన్ని. తిడతాడని కాదు. ఆ ముఖం చూస్తే ఆడుకోవడం తప్పేమో అనిపించేది, అంతే. పసితనంలోనే తండ్రి పోయి నాగలి మేడి పట్టినాడంట. ఆయనకు ఆటలంటే ఏం తెలుసు పాపం, అనేది మా అమ్మ.

అట్లాంటి మనిషికి మా తమ్ముడు పుట్టినాడు చూడండి, వాడు నోరు మూస్తే ఒట్టు! ఐదేళ్ళ పిల్లోడు, పొద్దున కళ్ళు తెరిస్తే ప్రశ్నలే. గాడిదకు కొమ్ములెందుకు లేవు, చీమ నీళ్ళు ఎట్లా తాగుతుంది, ఇట్లాంటివి. అన్నిటికంటే వాడికి పీర్ల పండగ పులివేషాల పిచ్చి. మా వైపు పీర్ల పండగ సాయిబులది మాత్రమే కాదు, ఊరందరిదీ. మొక్కుకున్న మగవాళ్ళు, ఏ కులమోళ్ళైనా సరే, ఒంటికి పసుపురంగు పూయించుకొని, నల్లచారలు దిద్దించుకొని, నడుముకు తోక కట్టుకొని తప్పెట దెబ్బకు వీధివీధీ ఆడతారు. మా ఊర్లో ఆ రంగులు వేసేది పక్కింటి చాచా. పీర్ల చావిడి బాగోగులు చూసుకునేదీ ఆయనే.

ఆ ఏడు పండగ ఇంకా రాకముందే తమ్ముడికి జ్వరం పట్టుకుంది. ఆదోనికి తీసుకుపోయి మందులిప్పిస్తే తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. అమ్మ పీర్లసామికి మొక్కుకుంది, బిడ్డ లేచి తిరిగితే వాళ్ళ నాయనకు పులివేషం కట్టిస్తానని. ఆయన్ను ఒక మాట అడిగిందీ లేదు, పెట్టిందీ లేదు. ఊర్లో నవ్వినోళ్ళు నవ్వినారు. ఆ ముఖానికి పులి ఎందుకు, ఊరికే నిలబడినా పిల్లలు జడుసుకుంటారు అన్నారు.

తమ్ముడు పంచలో నులకమంచం మీద పడుకొని ఉండేవాడు. నాయన చేను నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఉంటే ఒకటే అడిగేవాడు. "నాయనా, పులి పండుకునేటప్పుడు తోక యాడ పెట్టుకుంటాది?"

నాకేం తెలుసురా, ఊరికే పండుకో అనేవాడు నాయన. మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు. ఒకరోజు వాడికి అడిగే ఓపిక కూడా లేకపోయింది. నాయన వచ్చి మంచం దగ్గర నిలబడి చాలాసేపు కాచుకున్నాడు. వాడు అడగలేదు. అప్పుడు మా నాయన ముఖంలో పుట్టిన భయం నేను చూసినాను.

ఆ మర్నాడు పత్తి బండి తోలుకొని ఆదోని మార్కెట్టుకు పోయినాడు. అక్కడ మండీలో గద్దె మీద కూర్చున్న సేట్లను, గుమాస్తాలను పట్టుకొని, అయ్యా, పులి తోక యాడ పెట్టుకొని పండుకుంటుంది అని అడిగినాడంట! మండీ అంతా పగలబడి నవ్విందంట. నీ పత్తి సంగతి చూసుకోవయ్యా, పులి సంగతి ఎందుకు నీకు అన్నారంట. ఎవరో ఎగతాళికి, ఇంటికి పోయి పిల్లిని చూసుకో పో అన్నారు. మా నాయన దాన్ని ఎగతాళి అనుకోలేదు. మర్నాడు చేనుకు పోకుండా చాచా వాళ్ళ పిల్లి ముందర గొంతుకూర్చున్నాడు. పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. పిల్లి లేచి పోతే వెనకాలే పోయినాడు. ఈయనకు మతి పోయిందని అమ్మ నెత్తి కొట్టుకుంది.

సాయంత్రం పరుగెత్తుకుంటూ వచ్చినాడు. మా నాయన పరుగెత్తడం నేను చూడడం అదే మొదటిసారి. తమ్ముడి చెవి దగ్గర కూర్చొని, తోకను ఇట్లా తిప్పి కాళ్ళ మీదుగా తెచ్చి ముక్కు కింద పెట్టుకుంటాది రా, చలి పెట్టకుండా, అని చేతులు తిప్పి తిప్పి చెప్పినాడు. కళ్ళు మెరుస్తున్నాయి. ఆయనెప్పుడో పోగొట్టుకున్నదేదో ఆ పిల్లి దగ్గర దొరికినట్టుంది. తమ్ముడు విని, "నువ్వు పులిని సూసినావా?" అన్నాడు. లేదన్నాడు నాయన. "అట్లయితే నువ్వే పులివై పండుకో. నేను సూస్తా."

సరేనన్నాడు. పండగకు వేషం కట్టి చూపిస్తానని చేతిలో చెయ్యి వేసి మాటిచ్చినాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు మంచం దగ్గర ఇద్దరివీ గుసగుసలే. నాయన కూడా వాడిని ప్రశ్నలు అడుగుతుండేవాడు. పులికి ఎక్కిళ్ళు వస్తాయా అని ఆయన అడిగితే తమ్ముడు నవ్వలేక నవ్వేవాడు.

పండగ రాకముందే మా తమ్ముడు పోయినాడు.

అమ్మ గోడకు తిరిగి పడుకుంది. ఎవరు పిలిచినా పలికేది కాదు. నాకు ఏడుపు రాలేదు, ఎందుకో రాలేదు. అచ్చనగాయలు తీసుకుపోయి బావిలో వేసి వచ్చినాను.

పండగ రోజు పొద్దున్నే నాయన చాచా ముందర అంగీ విప్పి నిలబడినాడు. చాచా బిత్తరపోయినాడు. "వద్దన్నా. మొక్కు ఫలించలేదు కదా, సామికి నువ్వేం బాకీ లేవు. ఊర్లో ఏమనుకుంటారు?"

"సామికి కాదు భాయ్," అన్నాడు నాయన. "పిల్లోనికి మాటిచ్చినా."

చాచా రంగు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. పసుపు పూసి, నల్లచారలు దిద్ది, తోక కట్టినాడు. ఊర్లో అనాల్సినవన్నీ అన్నారు. బిడ్డ పోయి నెల తిరగలేదు, వేషం కడతాడా, వీడి గుండె బండగాను అన్నారు. నేనూ అదే అనుకున్నాను. సిగ్గుతో తలుపు వెనక దాక్కున్నాను.

తప్పెటలు మా వీధికి వచ్చినాయి. నాయనకు ఆడడం రాదు. కాలు ఒక దిక్కు, చెయ్యి ఒక దిక్కు. చూసేవాళ్ళు నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడినారు. మా వాకిలి ముందుకు వచ్చి ఆగినాడు. పంచలో ఇంకా ఆ నులకమంచం అట్లే ఉంది. దాని పక్కన నేల మీద పడుకొని, మోకాళ్ళు ముడుచుకొని, తోకను కాళ్ళ మీదుగా తెచ్చి ముక్కు కింద పెట్టుకొని కళ్ళు మూసుకున్నాడు. తప్పెటలు ఆగిపోయినాయి. ఎంతసేపటికీ లేవలేదు.

అప్పుడు పక్క వీధి పసిపిల్ల ఒకతి, మా ఇంటి సంగతి ఏమీ తెలియనిది, మెల్లగా వచ్చి తోక పట్టి లాగింది. నాయన ఒక కన్ను తెరిచినాడు. పిల్ల మళ్ళీ లాగింది. గబుక్కున లేచి గాండ్రించినాడు. పిల్లలంతా కేకలు పెట్టి పారిపోయినారు, మళ్ళీ వచ్చినారు. నాలుగు కాళ్ళ మీద వీధంతా వాళ్ళను తరిమినాడు, బండి కింద నక్కినాడు, ఎవరో ముసలమ్మ చేతిలో రొట్టె లాక్కొని పరుగెత్తినాడు. రంగు మీద కన్నీళ్ళు కాలువలు కడుతున్నాయి, అయినా ఆడుతూనే ఉన్నాడు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. బయటికి వచ్చి ఆపు నాయనా అని అరిచినాను. ఆయన ఆపలేదు. పాక్కుంటూ నా దగ్గరికి వచ్చి, నా పాదం వాసన చూసి, పెద్దగా తుమ్మినాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే తమ్ముడు పోయిన దుఃఖమంతా ఒక్కసారి పొంగుకొచ్చింది. పులి మెడ కరుచుకొని ఏడ్చినాను.

వెనక నుంచి అమ్మ గొంతు వినబడింది. "మోకాళ్ళు గీసుకపోయినాయి, సూసుకో." అన్నాళ్ళకు అదే ఆమె నోట వచ్చిన మొదటి మాట. సాయంత్రం పెరట్లో అమ్మ కిరసనాయిలు గుడ్డతో ఆయన వీపు మీది రంగు రుద్దింది, ఇద్దరూ ఏడుస్తూ కూర్చున్నారు. చెవుల వెనక పసుపురంగు చాలా రోజులు పోలేదు, దానితోనే చేనుకు పోయి వచ్చేవాడు. అమ్మ మాత్రం ఆ తర్వాత ఏ పీర్ల పండగకూ వీధిలోకి రాలేదు. ఆమె గాయం ఆమెది.

ఇప్పుడు నేను ఎమ్మిగనూరులో ఉంటున్నాను. పోయిన ఎండాకాలం నా కూతురు నా కళ్ళ ముందరే పోయింది. దాని బిడ్డ నా దగ్గరే పెరుగుతోంది. మొన్న అది వచ్చి, అవ్వా, బల్లి గోడ మీది నుంచి ఎందుకు పడదు అని అడిగింది. ఊరికే ఉండవే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి లేచినాను. ఇద్దరం గోడకు ముఖాలు ఆనించి బల్లి వెంట ఇల్లంతా తిరిగినాం. ఒకసారి దాని మీదికి గభాల్న దూకబోయి నేనే కింద పడినాను. పిల్ల పడీపడీ నవ్వింది, నేనూ నవ్వినాను. కూతురు పోయిన బాధ ఈ ముసలిదానికి ఉందా అసలు, అని పక్కింటావిడ అనడం కిటికీలో నుంచి వినబడింది. అననీ, నోరు ఆమెది.

ఉందమ్మా, ఉంది. ఏడుపు ఆగినాక ఆడుకుందాంలే అని కూర్చుంటే, నాకు ఆ రోజు రాదు. అంతవరకు ఈ పిల్ల పసితనం ఆగదు.