చెప్పులు విప్పమన్న మనిషి మీద రాసిన కాలమ్

చేవెళ్ల బజారులో నా అంత గట్టి బేరం ఎవరూ చేసి ఉండరు. ఒక్క నవ్వు అమ్మి, ఏడాది పొడుగునా ప్రకటనలు తెచ్చాను. ఇన్నేళ్లుగా మోస్తున్నది ఆ బేరాన్నే. మీకే మొదట చెబుతున్నాను.

మాది లంబాడీ ఇల్లు. నాన్నకు బజారులో కిరాణా కొట్టు. సాఫ్ట్‌వేర్ వాళ్లు మొయినాబాద్ వైపు ప్లాట్లకు ఎగబడుతున్న రోజుల్లో, నేనొక వారపత్రికలో మా భాషను తెలుగు అక్షరాల్లో పెట్టి వ్యంగ్యం రాసేవాణ్ణి. తండాల్లో చదువొచ్చినవాళ్లు పైకి చదివితే మిగతావాళ్లు చుట్టూ కూర్చుని వినేవారు. మా మాటలు అచ్చులోకి రావడం అదే మొదలు. అందుకే నేనేం రాసినా నమ్మేవారు.

మొయినాబాద్ దగ్గరి తండాలో సోమ్లా కాకా ఉండేవాడు. నాన్నకు వరుసకు తమ్ముడు. టమాట చేను అమ్మనన్నాడు. కొనవచ్చిన బ్రోకర్‌ను గట్టు మీదే బూట్లు విప్పి రమ్మన్నాడు. ఆ బ్రోకర్ నా దగ్గరికొచ్చి, ముసలాయన్ని నలుగురూ నవ్వేటట్టు రాస్తే ఏడాది పాటు వెనక పేజీ ప్రకటన తనదేనన్నాడు. నేను రంగుల్లో, ఎక్కువ రేటుకు వెయ్యాలన్నాను. ఒప్పుకున్నాడు.

ప్రకటనలు లేకపోతే మా భాష పేజీ మూతపడేదని, దాన్ని బతికించడానికే రాశానని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. నిజమేనా? రాసేటప్పుడు నా తలలో ఉన్నది రంగుల పేజీ ఒక్కటే.

పేరు పెట్టలేదు. టమాటలు చూడాలంటే చెప్పులు విప్పాలనే నవాబు కథ రాశాను. ఆ నవాబు ఎవరో అందరికీ తెలిసిపోయింది. కాకా ఎదురైతే పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని సలాం కొట్టేవారట. తర్వాత పెద్దలు. తర్వాత సొంత కొడుకులు. ఆ ఎండాకాలమే చేను అమ్మేశాడు.

చూడ్డానికి వెళ్లాను. ఎందుకు వెళ్లాను? తెలియదు. మా భాషలోనే పలకరించాను. కాకా తెలుగులో మాట్లాడాడు, పరాయివాడితో మాట్లాడినట్టు.

"కూసోండ్రి సార్. ఎవలన్న రాయమన్నరా?"

"లేదు కాకా. నేనే రాసిన."

"గట్లనా. మస్తు రాసిన్రు. చాయ్ తాగుండ్రి."

తాగాను.

బతికినన్నాళ్లూ నాతో మళ్లీ మా భాష మాట్లాడలేదు. ఇప్పుడాయన లేడు. క్షమించమని ఎవరినీ అడగడం లేదు.

చివరి లెక్క ఇది. పత్రిక నిలబడింది. నాకు పేరొచ్చింది. బ్రోకర్‌కు చేను వచ్చింది. నా వైపు ఏదైనా నష్టం ఉందేమోనని చాలా వెతికాను. లేదు, అంతా కాకాదే. ఇది చెప్పాక కొంచెం ఊపిరాడుతోంది. దాన్నీ నా లాభంలోనే వేసుకోవాలి.