బోర్డు మీద మా వదిన

మా వదినకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. డ్రైవింగ్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకి ఆ సంగతి మొదటి రోజే తెలిసిపోతుంది. ఆవిడ పక్క సీట్లో కూర్చుంటుంది. కాలి కింద ఆవిడకంటూ ఇంకో బ్రేకు ఉంటుంది. ఎవరైనా అద్దం చూడకుండా బండి పక్కకి తిప్పారా, ఆ బ్రేకు పడుతుంది. తర్వాత ఆవిడ దాదాపు గుసగుసగా ఒక మాటంటుంది. ఆ మాటకి పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళకి కూడా చెమటలు పట్టడం నేను చూశాను. ఆవిడ పనిచేసే డ్రైవింగ్ స్కూల్లో అందరూ ఆవిడని బ్రేకు మేడం అనే పిలుస్తారు.

ఆవిడ మా అన్నయ్య భార్య. నాది బట్టలు కుట్టే పని. మా కొట్టు వాళ్ళ ఇంటి కిందే కాబట్టి ఆవిడ కోపాలన్నీ ముందు నా దగ్గరికే దిగుతాయి.

వదినకి పిల్లలిద్దరూ ఆపరేషన్‌తోనే పుట్టారు. ఆ తర్వాత రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం వచ్చింది. చేతులు, కాళ్ళు, మొహం ఎప్పటిలా సన్నగానే ఉన్నాయి. పొట్ట మాత్రం ముందుకొచ్చి అక్కడే స్థిరపడింది. సీటు బెల్టు దాన్ని కిందా మీదా రెండు వాటాలు చేసి చూపిస్తుంది. పోయినేడాది బస్సులో ఒక పెద్దాయన లేచి సీటిచ్చి, ఎన్నో నెల తల్లీ అని అడిగాడట. అప్పటికి పెద్దవాడు కాలేజీలో చదువుతున్నాడు. కూర్చోండి తాతగారూ అని చెప్పి, తన స్టాపు కాకపోయినా దిగి నడిచి వచ్చేసింది. ఆ రోజు వేసుకున్న గౌనుని చింపి కారు తుడిచే గుడ్డ చేసింది. మా అన్నయ్య ఓదార్చబోయి, నీ పొట్ట ఎవరు చూడొచ్చారే అన్నాడు. ఆ రాత్రి భోజనం ఆయనే వండుకున్నాడు.

స్కూలు ఓనరు కొత్త బోర్డు పెట్టాలనుకోవడంతో ఈ గొడవంతా మొదలైంది. గేటు మీద, రోడ్డు మీద వెళ్ళే అందరికీ కనపడేలా పెద్దది. స్టీరింగు ముందు కూర్చున్న ఆడమనిషి బొమ్మ వేస్తే ఆడవాళ్ళు ఎక్కువమంది చేరతారని ఆయన లెక్క. ఆ స్కూల్లో నేర్పే ఆడమనిషి వదిన ఒక్కతే. బొమ్మ ఆవిడదేనని అందరి ముందూ చెప్పాడు. తర్వాత పక్కకి పిలిచి అసలు మాట అన్నాడు.

"మేడం, ఆ పొట్ట కనపడకుండా ఏదైనా మంచి డ్రెస్ చూసుకోండి. కుదరకపోతే చెప్పండి, ఎవరైనా సన్నటి అమ్మాయిని కూర్చోబెట్టి తీయించేద్దాం."

వదిన మా కొట్లోకి వచ్చి ఆ మాటని ఆయన గొంతుతోనే చెప్పింది. స్టీరింగు ఎలా పట్టుకోవాలో తెలియని పిల్ల తన సీట్లో కూర్చుని బోర్డెక్కుతుందట. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళకి భయం పోగొట్టింది తను. వణుకుతూ వచ్చిన వాళ్ళ చేత ఎత్తుమీద బండి ఆపించి, వెనక్కి జారకుండా కదిలించింది తను. బొమ్మకి మాత్రం పనికిరాదట. "ఆ సీటు నాది" అంది. అది ఎంత మెల్లగా అందంటే నేను కత్తెర కింద పెట్టేశాను.

ముందు కొట్లన్నీ తిరిగింది. నా మీద నమ్మకం లేక కాదు. రెడీమేడ్‌లో దొరికితే నాకు పని తప్పుతుందని. ఒక కొట్లో నల్లటి డేరాలాంటిది తెచ్చి, మీలాంటివాళ్ళ కోసమే మేడం అన్నారు. ఇంకో చోట నడుము దగ్గర కుచ్చిళ్ళు పోసి, పైన వెడల్పాటి బెల్టు ఉన్నది చూపించారు. మూడో చోట పొట్టని లోపలికి నొక్కే బిగుతు లోదుస్తు అంటగట్టారు. అది వేసుకుని పాఠంలో గేరు మార్చి చూపించబోతే ఊపిరాడక, బండి పక్కకి ఆపించి, పెట్రోలు బంకు బాత్రూములో విప్పి పారేసి వచ్చింది. అప్పుడు నా దగ్గరికొచ్చి, "నువ్వే ఏదో ఒకటి కుట్టు, నాకు ఉపన్యాసాలు మాత్రం చెప్పకు" అంది.

నాకు ఈ పని ఎవరూ నేర్పలేదు. పాత బట్టల కుట్లు విప్పి, ఎలా కత్తిరించారో చూసి, మళ్ళీ కుట్టి నేర్చుకున్నాను. కాబట్టి నాకు తెలిసింది ఇంతే. చుట్టూ వదులుగా ఉన్న బట్ట ఒంట్లో అన్నిటికంటే వెడల్పైన చోటుని పట్టుకుని వేలాడుతుంది. అప్పుడు మనిషంతా అంత వెడల్పే అనిపిస్తుంది. సన్నగా ఉన్నచోట బట్ట ఒంటిని పట్టుకోవాలి, లావుగా ఉన్నచోట వదిలేయాలి. వదినకి భుజాలు బాగుంటాయి, రొమ్ము కింద ఒళ్ళు సన్నం. కుట్టు అక్కడ వేసి, కిందికి కాస్త బరువున్న, మెరవని గుడ్డ జారవిడవాలి. మెడ కోణంగా కోస్తే చూపు మొహం మీదికి పోతుంది. నడుముకి అడ్డంగా పట్టీ, గీత, జేబు ఏవీ ఉండకూడదు. రంగు నలుపే కానక్కర్లేదు. ముదురు ఆకుపచ్చ తీశాను.

టేపు చుట్టగానే ఆవిడ ఊపిరి బిగబట్టింది. అందరూ అంతే. ఆ కొలతకి కుడితే జన్మంతా ఊపిరి బిగబట్టే బతకాలి. అందుకే ఓనరు ఏమన్నాడో మళ్ళీ చెప్పమన్నాను. తిట్టడం మొదలుపెట్టగానే ఊపిరి వదిలింది, పొట్ట దాని చోటికి అది వచ్చింది, నేను కొలత రాసుకున్నాను.

గౌను అద్దం ముందు దివ్యంగా ఉంది. వదిన అటూ ఇటూ తిరిగి చూసుకుని మొదటిసారి నవ్వింది. "నీ చేతుల్లో ఏదో ఉందే" అంది. అదే వేసుకుని కారులో కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. అంతే, కిందికి జారాల్సిన గుడ్డంతా ఒళ్ళోకి పోగై, బెల్టు కింద దిండు పెట్టినట్టు లేచింది. ఉన్న పొట్టకి ఇంకో పొట్ట తోడైంది.

మా ఇద్దరికీ తట్టని సంగతి అదే. రోజంతా కూర్చుని పనిచేసే మనిషికి, కూర్చున్నప్పుడు తీసే బొమ్మ కోసం, నిలబెట్టి కొలతలు తీశాం. ఆవిడ కారు దిగలేదు. అద్దంలోంచి నన్ను చూసి, "నవ్వుతావా" అంది. నవ్వలేదు. టేపు తెచ్చుకుని పక్క సీటులోకి ఎక్కాను.

ఈసారి ఆవిడ స్టీరింగు పట్టుకుని, బెల్టు పెట్టుకుని ఉండగానే కొలిచాను. కూర్చుంటే ముందు వైపు పొడవు తగ్గుతుంది, వెనక వైపు పెరుగుతుంది. పొట్ట దగ్గర చుట్టుకొలత వేరే మనిషిది అన్నంత మారింది. ముందు భాగాన్ని పొట్టిగా కోశాను. రెండు పక్కలా చీలికలు ఇచ్చాను, కూర్చోగానే గుడ్డ పైకి పోగవకుండా పక్కలకి విడిపోవాలి. చంక కింద నుంచి ఏటవాలుగా ఒక్కో మడత కుట్టు వేశాను. బెల్టు ఆ ఏటవాలు మీదుగా పోయేలా చూసుకున్నాను. నిలబడితే ముందు అంచు కొంచెం ఎత్తుగా కనపడుతుంది. కనపడనీ. బొమ్మలో ఆవిడ నిలబడదు.

ఫోటో తీసిన రోజు వదిన అద్దాలు సరిచేసుకుని, సీటు తన కాళ్ళకి జరుపుకుని కూర్చుంది. ఫోటోగ్రాఫరు పొట్ట లోపలికి పీల్చమంటే, తను ఊపిరి తీసుకుంటూ ఉండగానే తియ్యమంది. కెమెరాలో చూపించాడు. పొట్ట ఉంది, కానీ ముందు కళ్ళు కనపడతాయి, తర్వాత చేతులు, తర్వాతే తక్కినది. వదిన ఇంకోసారి చూసుకుని, ఇదే వెయ్యమంది. నాకది చాలు.

వారం తిరక్కుండా బోర్డు లేచింది. వదిన ఫోన్ చేసి, "రా, నీ కుట్టు చూద్దువుగాని" అంది. గొంతు వినపడీ వినపడనట్టుంది. పని వదిలేసి పరుగెత్తాను.

బోర్డు మీద మొహం మా వదినదే. నడుము ఎవరిదో తెలియదు. బెల్టు కింద అంతా గరిటెతో గీకేసినట్టు చదును. నా ఏటవాలు కుట్టు సగంలో తెగిపోయి గాలిలో కలిసింది. స్టీరింగు అంచు కూడా అక్కడ కాస్త వంగింది. అంత కష్టపడి కూర్చోబెట్టి కోసిన గుడ్డని ఎవడో చూడకుండా కత్తిరించాడు. నాకూ ఒళ్ళు మండిపోయింది.

వదిన నేర్పే కారుని గేటుకి అడ్డంగా తెచ్చి ఆపింది. ఇంజను ఆపి, బెల్టు తీయకుండా, తాళం చెవి పిడికిట్లో పెట్టుకుని కూర్చుంది. లోపలి బండ్లు బయటికి రాలేదు, బయటివి లోపలికి పోలేదు. ఓనరు నవ్వుకుంటూ వచ్చి, బాగుంది కదా మేడం, కంప్యూటరు అబ్బాయి కొంచెం సరిచేశాడు అన్నాడు.

"ఈ పొట్టని ఇంతకుముందు రెండుసార్లు కోశారు సార్" అంది వదిన. "రెండుసార్లూ డాక్టరు నా సంతకం తీసుకున్నాడు. మీరెవర్నడిగి కోశారు?"

ఆయన నవ్వు ఆగింది. దాచాలని మీరే కదా అంత తాపత్రయపడ్డారు, మీ పని మేమే తేలిక చేశాం అన్నాడు.

"నేను దాచుకుంటే అది నా గుడ్డ. మీరు కోస్తే అది నా ఒళ్ళు. నిచ్చెన పిలిపించండి."

ఆయన చాలా చెప్పాడు. ఖర్చన్నాడు, జనం చూస్తున్నారన్నాడు, చివరికి మీ ఉద్యోగం అన్నాడు. నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు అప్పటికే గోడ పక్కన చేరారు. పాఠానికి ఎవరూ వేరే బండి ఎక్కలేదు. వదిన అద్దంలో వెనక రోడ్డు చూస్తూ కూర్చుంది. నిచ్చెన వచ్చింది. బోర్డు దిగేదాకా తాళం చెవి పిడికిట్లోంచి రాలేదు.

రెండోసారి పెట్టిన బోర్డు మీద కెమెరాలో ఉన్నది ఉన్నట్టే వేశారు. అది లేచిన రోజు వదిన తలెత్తి చూడలేదు. పాఠం మధ్యలో మా కొట్టు ముందు బండి ఆపించి, అద్దం దించి నన్ను అడిగింది.

"పొట్ట కనపడుతోందా?"

"కనపడుతోంది."

"ఎంత?"

"నీకున్నంతా కాదు, వాళ్ళు మిగిల్చినంతా కాదు. నేను కుట్టినంత."

 వదిన అద్దం ఎత్తుతూ, స్టీరింగు ముందు కూర్చుని నేర్చుకుంటున్న ఆవిడ వైపు తిరిగి గొంతు తగ్గించింది. పాపం, ఆవిడ వెనక బండి చూడకుండానే కదలబోయింది.