గుంజకు వేలాడిన కొత్త పలుపు

కృపారాణి జెర్సీ ఆవు గోడలు నాకడం మొదలుపెట్టింది. మట్టి తినేది, ఆరేసిన చీర కొంగు నమిలేది. మూడుసార్లు సూది వేయించినా చూలు నిలవలేదు. ఇక ఊళ్ళో నోళ్ళు ఊరుకుంటాయా? గొడ్డుబోయిందన్నారు, అమ్మేయమన్నారు.

"అమ్మేద్దాం మే," అన్నాడు భర్త దయానంద్. "పాలు లేవు, దూడ లేదు. ఎన్నాళ్ళని మేపేది?"

అమ్మితే ఆమె గతేమిటో ఆయనకు తెలియదా? నగరి మరమగ్గాల షెడ్డులో తొమ్మిదేళ్ళు నిలబడి పనిచేసిన మనిషి. ఆ మోతకు చెవులు దిమ్మెక్కాయి, కాళ్ళు వాచాయి, మేస్త్రీ చేత పడరాని మాటలు పడింది. ఈ ఆవు వచ్చాకే ఆ షెడ్డుకో దండం పెట్టి బయటపడింది. ఇది పోతే మళ్ళీ అక్కడికే పోవాలి.

బేరగాడు దేవరాజులు రానే వచ్చాడు. ఇక్కడ పశువును అమ్మినవాళ్ళు పలుపు ఇవ్వరు, కొన్నవాడే తాడు తెచ్చుకోవాలి. ఆయన కొత్త పలుపు భుజాన వేసుకుని మరీ దిగాడు. ఆవు చుట్టూ తిరిగి పెదవి విరిచాడు.

"కోతకు తప్ప దేనికీ పనికిరాదు పాపా. ఇప్పుడే తోలుకొని పోతా."

"దాని మీద చెయ్యేసి సూడు!" కృపారాణి కొట్టానికి అడ్డంగా నిలబడింది. "నేను అమ్ముతా అని ఎవురు చెప్పినారు నీకు?"

"కొన్నాళ్ళాగితే నువ్వే పిలిపిస్తావులే," అని నవ్వి, పలుపును గుంజకు తగిలించి పోయాడు. ఎంత పొగరో చూడండి!

మర్నాడే ఆమె ఆవును పశువుల ఆసుపత్రికి తోలుకెళ్ళింది. డాక్టరమ్మ అమల చూసి చెప్పింది. "రోగమేం లేదు కృపమ్మా. ఒంట్లో ఖనిజ లవణాలు తక్కువైనాయి. ఈ పొడి దినామూ యాభై గ్రాములు తౌట్లో కలిపి పెట్టు. నాలుగు దినాలు పెట్టి మానేస్తే లాభం లేదు."

ఊళ్ళో ఆ పొడి అందరికీ తెలుసు. కానీ పాలిచ్చే ఆవుకే పెడతారు, వట్టిపోగానే మానేస్తారు.

"పాలియ్యని దానికి పొడి యాందుకు?" అన్నాడు దయానంద్.

"నీ కొడుకు కడుపులో ఉన్నప్పుడు నర్సమ్మ నా చేత ఐరన్ మాత్రలు మింగించింది గదా? అప్పుడు నేను పాలిస్తా ఉన్నానా?"



మొదటి రోజు ఆవు వాసన చూసి, ఉఫ్ఫుమని పొడంతా ఆమె మొహాన ఊదింది. "ఊదు, ఎంత ఊదుతావో నేనూ సూస్తా," అని బెల్లం నీళ్ళు కలిపి మళ్ళీ పెట్టింది. ఒక్కరోజు తప్పలేదు. మూడో నెలకు ఆవు గోడ నాకడం మానేసింది, ఎదకు వచ్చి అరిచింది. కృపారాణి మళ్ళీ సూది వేయించింది. మరో మూడు నెలలకు అమల పరీక్ష చేసి చూలు నిలిచిందని చెబితే, ఆసుపత్రి వాకిట్లోనే ఆవు మెడ పట్టుకుని బావురుమంది.

కబురు విని దేవరాజులు పరుగున వచ్చాడు.

"చూడి ఆవు గదా, మంచి ధర పెడతా పాపా. నా పలుపు కూడా ఈడే ఉండాది."

"అమ్మినోళ్ళకు పలుపు మిగులుతాది, కొన్నోళ్ళకు ఆవు మిగులుతాది. నాకు రెండూ ఉండాయన్నా. నీది నువ్వు తీసుకొని పో."

దేవరాజులు దయానంద్ వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పప్పా."

దయానంద్ లేచి, గుంజకున్న తాడు తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"మా ఇంట్లో ఎవురూ ఇంక షెడ్డుకు పోరన్నా," అన్నాడు.