నేను మాయం చేసిన నక్షత్ర గుంపు

ఆ ఉదయం బాన్సువాడలో మా ఇంటి ముందుగదిలో ఉన్నవి ఇవి: బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్, దానికి నెట్ ఇచ్చే ఫోన్, ఇస్త్రీ చొక్కా (కింద లుంగీయే, కెమెరాకు కనబడదు), నేను, గడప దగ్గర కూర్చున్న మా అవ్వ. ఆ రోజుల్లో నాకు దయ్యాలంటే భయం లేదు, ప్రాజెక్టు సారంటే ఉండేది. పాలపుంత ఎంత వేగంగా తిరుగుతోందో లెక్కగట్టి, ఆయనకు వీడియోలో అప్పజెప్పాలి. తేడా వస్తే ఎమ్మెస్సీ మరో ఏడాది.

పద్ధతి సులువే. వయసు తక్కువున్న నక్షత్ర గుంపులు పుట్టిన చోటి నుంచి పెద్దగా చెదరవు, పాలపుంతతోపాటే తిరుగుతుంటాయి. ఒక్కోదాని దూరం, వేగం తీసుకుని గ్రాఫులో చుక్కలు పెడితే వాటి మీదుగా ఒక గీత వస్తుంది. నేను తీసుకున్నవి నలభై రెండు. నాలుగు రోజులుగా పట్టికను పైకి చదువుతూ సరిచూశాను. నలభై ఒకటి బుద్ధిగా గీత పక్కన నిలబడ్డాయి. పదిహేడోది మాత్రం ఎక్కడో దూరంగా కూర్చుంది. ఎంత వెతికినా తప్పు దొరకలేదు. ముందురోజు సాయంత్రం ఆ వరుసను తీసేశాను. (అప్పటి నుంచి అన్నం సహించలేదు.)

"మొత్తం ఎన్ని గుంపులు?" అన్నారు సారు.

"నలభై ఒకటి సార్."

మా అవ్వ బీర్కూర్ వైపు నాట్లకు ఆడవాళ్లను తీసుకుపోయే ముఠాకు పెద్ద. ఆటో ఎక్కేటప్పుడు తలలు లెక్కపెడుతుంది, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ లెక్కపెడుతుంది. ఒక్కరు తగ్గినా బండి కదలనివ్వదు. ఆవిడ గడప దగ్గర నుంచి లేచింది.

"ఏందిరా, నిన్నటిదాంక నలభై రెండని సదివినవ్ గదా! ఒకటి యాడ వోయింది?"

"అవ్వా, జర ఊకో" అని గొణిగాను. మైకు ఆపడం మరిచిపోయాను.

"ఎందుకూకోవాలె? సారూ, మీరన్న అడుగుండ్రి. గా ఒక్కదాన్ని ఇడిసిపెట్టి ఎట్లొస్తడు?"

నేను లుంగీ అంచును వేలికి చుట్టుకుంటున్నాను (అదీ కెమెరాకు కనబడదు).

"ఎందుకు తీసేశావు?" అన్నారు సారు.

"గీతకు దూరంగా ఉంది సార్. తప్పు దొరకలేదు. భయమేసింది."

"తప్పు దొరకనప్పుడు తీసేసే హక్కు నీకు లేదు. తిరిగి పెట్టు. దూరంగా ఉందనీ, ఎందుకో తెలియదనీ రాయి. ఇంకోసారి ఇలా చేస్తే పాస్ చేయను."

"మంచిగ చెప్పిన్రు సారూ" అంది అవ్వ. "ఇగ బండి కదలనియ్యుండ్రి."

ఇప్పుడు ఆఫీసులో ఇతరుల పట్టికలు సరిచూడటమే నా ఉద్యోగం. ఒక్క వరుసకు అంతలా వణికిన ఆ పిల్లవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా. ప్రాజెక్టు పుస్తకం అలమరలో ఉంది. పదిహేడోది ఇంకా గీతకు దూరంగానే ఉంది. మొత్తం గుంపులు నలభై రెండు.